గ్రంథాలయంలో ఉగాది కవి సమ్మేళనం: తేదీ ఖాయం చేసిన దగ్గర్నుంచి కుర్చీలు తిరిగి పంపేదాకా

మా పేట శాఖా గ్రంథాలయంలో మొదటిసారి ఉగాది కవి సమ్మేళనం పెట్టినప్పుడు ముప్ఫై ఒక్క మంది కవులు వచ్చారు. ముప్ఫై ఒకటో ఆయన మైకు ముందుకు వచ్చేసరికి హాల్లో మిగిలింది అధ్యక్షులవారు, మైకు అబ్బాయి, నేను. ఆయన పాపం ఏమీ అనుకోకుండా, మా ముగ్గురి వంకా మార్చి మార్చి చూస్తూ రెండు కవితలు చదివారు. వెనక బీరువాల నిండా కవిత్వం. ఆ రోజు ఒక్క పుస్తకం కూడా గడప దాటలేదు.

హైదరాబాద్‌లో కవిసభలకు కొదవా? రవీంద్రభారతి ఉంది, చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉంది, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది, తిలక్ రోడ్డులో సారస్వత పరిషత్తు ఉంది. అద్దె కలిసొస్తుందని గ్రంథాలయానికి వచ్చి అక్కడా అదే సభ పెడితే ఉపయోగం లేదు. కాబట్టి రెండో ఏడాది నుంచి రెండే లెక్కలు రాసుకుంటున్నాను: తాను చదవడానికి కాక వినడానికే వచ్చినవాళ్ళు ఎంతమంది, ఆ పూట ఇంటికి వెళ్ళిన పుస్తకాలు ఎన్ని. కింద చెప్పేదంతా ఆ రెండు అంకెలు పెంచడానికి నేను పడిన పాట్లే.

1. తేదీ: ఉగాది రోజున మాత్రం వద్దు

ఉగాది ప్రభుత్వ సెలవు. గ్రంథాలయం తాళం వేసి ఉంటుంది. తెరిపించినా కవులు దొరకరు. ఆ రోజు వాళ్ళకు పొద్దున ఒక సభ, మధ్యాహ్నం ఒక సభ, సాయంత్రం ఇంకొకటి ఉంటాయి. వినేవాళ్ళేమో బొబ్బట్లు తిని పడుకుంటారు. పండుగ తర్వాత వచ్చే ఆదివారం మేలు. ముందు ఆదివారం అయితే ఇళ్ళలో బూజులు దులిపే హడావిడి.

2026లో ఉగాది మార్చి 19, గురువారం. ఆ వారంలోనే రంజాన్ కూడా. మన ఊళ్ళో రెండు పండుగలు పక్కపక్కన పడ్డప్పుడు ఉర్దూ కవుల్ని కూడా పిలవాలనుకుంటే ఒక వారం ఆగాల్సిందే. 2027లో ఉగాది ఏప్రిల్ 7, బుధవారం, ప్లవంగ నామ సంవత్సరం. దానికి ఏప్రిల్ 11 ఆదివారం చక్కగా కుదురుతుంది.

మార్చిలో పెడితే పిల్లల పరీక్షలు అడ్డం. పదో తరగతి పిల్లలున్న ఇంట్లోంచి ఎవరూ కదలరు. ఏప్రిల్‌లోకి జరిపితే ఎండ అడ్డం. రెండింట్లో నేను ఎండకే ఓటేస్తాను, దానికి ఫ్యాన్లూ మంచినీళ్ళూ ఉన్నాయి.

పూట విషయం. సాయంత్రం చల్లగా ఉంటుంది నిజమే, కానీ గ్రంథాలయం మూసే వేళకు సభ సగంలో ఉంటుంది, వాచ్‌మన్ తాళంచెవులు ఆడిస్తూ నిలబడతాడు. పొద్దున పెట్టుకోండి. ఆహ్వానంలో 10 గంటలని వేసి, 10.30కి మొదలుపెట్టండి. ఒంటిగంట దగ్గర పడేకొద్దీ అందరికీ ఆకలి మొదలవుతుంది. సభను సమయానికి ముగించడంలో ఆకలిని మించిన అధ్యక్షుడు లేడు.

ఇక్కడే ఇంకో మాట. ఎన్నికల కోడ్ అమల్లో ఉందేమో చూసుకోండి. కోడ్ ఉంటే ప్రభుత్వ భవనంలో సభంటే అనుమతి ఇవ్వడానికి గ్రంథాలయం వాళ్ళు వెనకాడతారు, అది వాళ్ళ తప్పు కాదు.

2. అడగడానికి ముందు వెళ్ళి కూర్చోండి

గ్రంథాలయం ఎంచుకునేటప్పుడు పెద్ద పేర్ల జోలికి పోనక్కర్లేదు. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా పేరుతో మొదలైంది, మూసీ ఒడ్డున ఆ భవనం చూస్తే ఎవరికైనా అక్కడే సభ పెట్టాలనిపిస్తుంది. సుల్తాన్‌బజార్‌లో 1901 సెప్టెంబరు 1న పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. తెలుగు పుస్తకం కోసం నిజాం కాలంలో రావిచెట్టు రంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు లాంటివాళ్ళు నిలబెట్టిన చోటు. వాటిని చూడటానికి మీ వాళ్ళను ఒక రోజు తీసుకెళ్ళండి. రెండూ మెట్రోకు దగ్గరే, సుల్తాన్‌బజార్‌కైతే ఆ పేరుతోనే స్టేషను ఉంది. కానీ మొదటి సభ మాత్రం నడిచి వెళ్ళగలిగే పేట శాఖలోనే పెట్టండి. అరవై మంది పెద్ద హాల్లో వెలితిగా కనిపిస్తారు, చిన్న గదిలో జనసముద్రం.

అనుమతి అడగడానికి ముందు రెండు మూడు పూటలు వెళ్ళి ఊరికే పత్రిక చదువుతూ కూర్చోండి. ఏ గదిలోంచి ఏ గదికి శబ్దం వెళ్తుంది, ఏ ఫ్యాను కిరకిరమంటుంది, ప్లగ్గు ఎక్కడుంది, మరుగుదొడ్డికి నీళ్ళొస్తాయా, ముసలివాళ్ళు ఎక్కలేని మెట్లున్నాయా: ఇవన్నీ అప్పుడే తెలుస్తాయి.

అన్నిటికంటే ముఖ్యంగా అక్కడ చదువుకునే పిల్లలు తెలుస్తారు. ఈ ఊళ్ళో గ్రంథాలయం అంటే ఇప్పుడు ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ళ నివాసం. టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా, సొంత ప్లాస్టిక్ కుర్చీతో సహా పొద్దున్నే వచ్చి కూర్చుంటారు. మొదటి ఏడాది మేము మైకు ‘హలో, హలో, చెక్’ అనగానే ఒక కుర్రాడు వచ్చి, “అక్కా, గ్రూప్స్ దగ్గర పడ్డయ్, జెర మెల్లగ పెట్టున్రి” అన్నాడు. సిగ్గేసింది. మా రెండు గంటల సరదాకు అతని ఒక పూట చదువు పోతోంది.

మరుసటేడు ముందే వెళ్ళి వాళ్ళతో మాట్లాడాం. చదువుకునే గది కింద, మా సభ పైన, మధ్య తలుపులు మూసి. కరపత్రం మీద ఒక ప్రశ్న కూడా వేశాం: ‘గోలకొండ కవుల సంచికలో ఎంతమంది కవులున్నారు?’ అది వాళ్ళ సిలబస్‌లోదే. తెలంగాణలో కవులు పూజ్యం, అంటే సున్నా, అన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవుల్ని ఒక్కచోట అచ్చేసి చూపించారు. 354 అనే అంకె ఆ పిల్లలందరికీ కంఠతా వచ్చు. అందులోని పద్యం ఒక్కటీ ఎవరూ విని ఉండలేదు. నాలుగు పద్యాలు చదివి వినిపిస్తామంటే ఎనిమిది మంది పైకి వచ్చారు. ఇద్దరు చివరిదాకా ఉన్నారు.

3. ఉత్తరం

నోటిమాట మీద ఏర్పాట్లు మొదలుపెట్టకండి. గ్రంథపాలకులు ఎంత మంచివారైనా, బదిలీ అయితే మీ మాట కూడా బదిలీ అవుతుంది. నెల ముందు రెండు నకళ్ళతో ఉత్తరం ఇవ్వండి. ఒకదాని మీద ముద్ర వేయించి ఇన్‌వర్డ్ నంబరు రాయించుకోండి. పై అధికారుల అనుమతి కావాలంటే, జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి ఇంకో ప్రతి. మేము ఇచ్చే ఉత్తరం దాదాపు ఇలా ఉంటుంది:

“గ్రంథపాలకులు గారికి నమస్కారం. ఉగాది సందర్భంగా ఏప్రిల్ 11, ఆదివారం ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు గ్రంథాలయం పై అంతస్తు హాలులో కవిత్వ పఠనం జరుపుకోవడానికి అనుమతి కోరుతున్నాం. సుమారు 60 మంది వస్తారు. ప్రవేశ రుసుము, చందాలు, అమ్మకాలు ఉండవు. రాజకీయ ప్రసంగాలు ఉండవు. ఒక చిన్న బాక్సు స్పీకరు తప్ప వేరే లౌడుస్పీకర్లు పెట్టం. కుర్చీలు మేమే తెచ్చుకుంటాం, కార్యక్రమం అయ్యాక హాలు ఊడ్చి అప్పగిస్తాం. ఆ రోజు కవిత్వం పుస్తకాలను ఒక బల్ల మీద ప్రదర్శించి, అక్కడే సభ్యులకు ఇవ్వడానికి సిబ్బంది ఒకరు సహకరించవలసిందిగా మనవి.”

చివరి వాక్యం మర్చిపోవద్దు, ఉత్తరానికి ప్రాణం అదే. హాలు అడిగేవాళ్ళు వాళ్ళకు చాలామంది తగులుతారు, పుస్తకాలు అడిగేవాళ్ళే అరుదు. మా గ్రంథపాలకురాలు మేడమ్ ఆ వాక్యం చదివి కళ్ళజోడు తీసి, “పుస్తకాలు నిజంగా తీసుకుంటారా అండీ?” అని అడిగారు.

అడగడానికి మొహమాటపడకండి కూడా. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మనం కడుతూనే ఉన్నాం. 3,000 రూపాయల పన్ను మీద 240 రూపాయలు. అద్దెకుండేవాళ్ళం కూడా అద్దెలో కడుతున్నట్టే. అయితే ఈ లెక్క మనసులో ఉంచుకుని మర్యాదగా అడగాలి. కౌంటరు దగ్గర పన్ను రశీదు చూపించి గొంతు పెంచిన పెద్దమనిషిని ఒకర్ని చూశాను, ఆయనకు హాలు దొరకలేదు.

4. కవుల్ని పిలవడం: లెక్క కాగితం మీద వేశాకే ఫోను పట్టుకోండి

పదహారు మంది. అంతకు మించి వద్దు. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు, పిలవడానికీ వచ్చి నిలబడ్డానికీ ఒక నిమిషం. అంటే 80 నిమిషాలు. పాఠకులు చదివే భాగానికి 20, సమస్యాపూరణానికి (ముందే ఇచ్చిన ఒక పాదానికి మిగతా పద్యం అల్లడం) 15, స్వాగతానికీ వందన సమర్పణకూ కలిపి 10. మొత్తం 125 నిమిషాలు. 10.30కి మొదలైతే 12.35కు అయిపోతుంది. ముప్ఫై ఒక్క మందితో ఇది ఎందుకు కుదరదో మీరే వేసి చూడండి.

నాలుగు నిమిషాలంటే వచన కవిత ముప్ఫై, ముప్ఫై అయిదు పంక్తులు. పద్యమైతే రాగం తీసి చదివేవారికి ఒక్కోదానికి దాదాపు నిమిషం, కాబట్టి మూడో నాలుగో. ఫోనులోనే ఈ లెక్క చెప్పేయండి. ‘ఈ కవిత రాయడానికి నేపథ్యం ఏమిటంటే’ అనే పీఠిక ఉండదని కూడా చెప్పండి. కవిత కన్నా నేపథ్యం పొడుగైన సందర్భాలు నాకు చాలా తెలుసు.

ఉగాది మీదే రాయమని విషయం ఇవ్వకండి. ఒక ఏడాది ఇచ్చి చూశాం. పదహారు కవితల్లో పదకొండింట్లో కోయిల కూసింది, తొమ్మిదింట్లో మావి చిగురు మేసింది కూడా. ఆ తర్వాతి ఏడాది ‘మా గల్లీలో ఎండాకాలం’ అన్నాం. నీళ్ళ ట్యాంకరు, సోడా బండి, కరెంటు పోయిన మధ్యాహ్నం, మేడ మీద వడియాలు, ఊరికి వెళ్ళిపోయిన పక్కింటి పిల్లలు వచ్చారు. ఒకామె ముంజెలు అమ్మేవాడి కత్తి చప్పుడు మీద రాసింది, ఇప్పటికీ అడిగి చదివించుకుంటాం.

చదివే వరుస ముందు చెప్పొద్దు. చెబితే తన వంతుకు వచ్చి, చదివేసి, చెప్పులేసుకుంటారు. మేము చీటీలు రాసి స్టీలు చెంబులో వేసి, ఒక్కొక్కరు చదివాక తర్వాతి చీటీ తీస్తాం. తన చీటీ ఎప్పుడొస్తుందో తెలియక అందరూ కూర్చుంటారు. నిజంగా ఇంకో సభ ఉన్న పెద్దవారైతే ముందే అడగండి: “సార్, మీరు ఎంతసేపు ఉండగలరు?” ఉండలేనంటే ఆయన చీటీ మొదటే తీసినట్టు తీయండి. ఈ చిన్న మోసం నేను ఒప్పుకుంటున్నాను.

ముషాయిరాల్లో, అంటే ఉర్దూ కవిసభల్లో, పెద్ద కవి చివర చదువుతారు, ఆయన కోసం అందరూ ఆగుతారు. మన సభల్లో పెద్దవారు ముందు చదివి వెళ్ళిపోతారు. ముషాయిరా నుంచి మనం తెచ్చుకోవాల్సింది ఇంకొకటి కూడా ఉంది: బాగున్న పాదాన్ని ‘ముకర్రర్’ అని మళ్ళీ చదివించుకునే అలవాటు. పదహారు మందిలో ఒక ఉర్దూ కవి ఉండేలా చూడండి, తెలుగు తాత్పర్యం చదవడానికి పక్కన ఒకర్ని నిలబెట్టండి. గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చిన దాశరథి తిరిగిన ఊరిది. మొదటిసారి ఆ ఉర్దూ ఆయన చదువుతుంటే వెనక వరుసలోంచి ఎవరో ‘మళ్ళీ!’ అన్నారు. తర్వాత తెలుగు కవితలకూ ఆ ‘మళ్ళీ’ అందుకుంది. చప్పట్లకంటే అదే బాగుంది.

ఇక వినేవాళ్ళ సంగతి. ప్రతి కవినీ ఒక షరతు అడుగుతాం: కవిత్వం రాయని మనిషిని ఒకర్ని వెంట తేవాలి. భార్యో భర్తో అయినా సరే. పదహారు మంది కవులకు పదహారు మంది శ్రోతలు అక్కడికక్కడే.

5. పుస్తకాల బల్ల

దీని మీద ఎంత సమయం పెట్టినా తక్కువే.

సభకు పది రోజుల ముందు గ్రంథపాలకుల అనుమతితో కవిత్వం బీరువా ముందు కూర్చోండి. విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలు వేసే డ్యూయీ వర్గీకరణ పాటించే చోట తెలుగు సాహిత్యం 894.827 దగ్గర ఉంటుంది. బీరువా తలుపు సగం తెరుచుకుని ఆగిపోతే కంగారు పడకండి, కింద అట్టముక్క ఇరుక్కుని ఉంటుంది. ఒక్కో పుస్తకం తీసి వెనక అట్ట తిప్పి చూడండి. అక్కడ అంటించిన చీటీ మీద గడువు తేదీల ముద్రలుంటాయి. నా చేతికి మొదట వచ్చిన పుస్తకంలో నాలుగు ముద్రలే ఉన్నాయి. మొదటి మూడూ ఒకే ఏడాదివి, ఊదారంగు సిరా. నాలుగోది అయిదేళ్ళ తర్వాత, సగమే పడింది. ఆ తర్వాత పదిహేనేళ్ళు ఆ చీటీ తెల్లగా ఉంది. పేజీల మధ్య ఎవరో పెట్టుకున్న సిటీ బస్సు టికెట్టు, సరిగ్గా సగం పుస్తకం దగ్గర. ఆ మనిషి మిగతా సగం చదివాడో లేదో.

అలా ఒక నలభై పుస్తకాలు తీయండి. పాతవీ కొత్తవీ, పద్యమూ వచనమూ గజలూ కలిపి. బూజు పట్టినవి, పేజీలు ఊడేవి పక్కన పెట్టి మేడమ్‌కు చెప్పండి. మిగతావాటిని పొడి గుడ్డతో తుడవండి, తడి గుడ్డ వద్దు.

ఇప్పుడు అసలు కిటుకు. వచ్చే ప్రతి కవికీ ఈ నలభైలోంచి ఒక పుస్తకం కేటాయించండి. వాళ్ళు సభకు ముందే ఒకసారి వచ్చి చూసుకుని, ఆ రోజు తమ కవితకు ముందు అందులోంచి నాలుగు పంక్తులు చదవాలి. తర్వాత ఆ పుస్తకాన్ని బల్ల మీద పెట్టి వెళ్ళాలి. సభలో ఎవరైనా విని ‘ఏ పుస్తకం అది?’ అని అడిగితే, చెయ్యి చాపితే అందే దూరంలో ఉండాలి. అందుకే బల్లను గోడవారగా కాక, తలుపుకీ మంచినీళ్ళకీ మధ్య వేయండి. నీళ్ళకు వెళ్ళే ప్రతివాళ్ళూ దాన్ని దాటుకునే వెళ్తారు.

సభ్యత్వం లేనివాళ్ళే ఎక్కువ ఉంటారు. డిపాజిట్ ఎంత, గుర్తింపు కార్డు నకలు ఏది కావాలి, ఫొటోలు ఎన్ని అన్నది ముందే కనుక్కుని కరపత్రం కింద అచ్చు వేయండి. ఇది మేము మర్చిపోయిన ఏడాది పదకొండు మంది పుస్తకం చేత్తో పట్టుకుని, ఆధార్ నకలు లేక మళ్ళీ బల్ల మీద పెట్టి వెళ్ళారు. దగ్గర్లోని జిరాక్స్ షాపు ఆదివారం తెరుస్తాడో లేదో కూడా చూసుకోండి.

6. ఫ్లెక్సీ, కరపత్రం, పత్రికలు

ఫ్లెక్సీ ఒకటి చాలు, ఆరడుగులు నాలుగడుగులు. ప్రూఫు మాత్రం మీ ఫోనులో కాదు, షాపుకెళ్ళి పెద్ద తెర మీద చూడండి. ‘సమ్మేళనం’ అక్కడ ‘సమ్మేలనం’ అవుతుంది. మాది అయింది. సభ అయ్యేదాకా ప్రతి వక్తా వెనక్కి తిరిగి ఆ ‘ల’ను చూసి నవ్వారు, ఒకాయన దాని మీద ఆశువుగా పద్యం కూడా చెప్పారు. కారణం మామూలే. మనం వాట్సాప్‌లో పంపేది యూనికోడ్, డీటీపీ అబ్బాయి వాడేది ‘అను’ అనే వేరే రకం ఫాంటు. మార్చేటప్పుడు ఒత్తులు పోతాయి, పోయినవి అతను తనకు తోచినట్టు మళ్ళీ కొడతాడు.

పత్రికల్లో ‘నగరంలో నేడు’ లాంటి చోట రావాలంటే రెండు రోజుల ముందు అయిదు వాక్యాలు పంపండి: ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఏ మెట్రో లేక బస్సు స్టాపు దగ్గర, అందరూ రావచ్చా. అతిథుల బిరుదులు వద్దు, చోటు చాలక వాళ్ళు మొత్తం తీసేస్తారు. పేటలో మాత్రం చేతికిచ్చే కరపత్రమే పని చేస్తుంది. టిఫిన్ సెంటరు, మందుల షాపు, గుడి, మసీదు పక్క చాయ్ హోటలు, అపార్ట్‌మెంట్ల లిఫ్టు. లిఫ్టులో అంటించింది అందరూ చదువుతారు, అక్కడ చేయడానికి వేరే పని లేదు కాబట్టి.

కరపత్రం వెనక వైపు ఒక సమస్య ఇవ్వండి. పద్యం రాసేవాళ్ళు ఈ ఊళ్ళో మీరనుకున్నదానికంటే ఎక్కువ, వాళ్ళకి అది వల. మేము ఇచ్చినది ఆటవెలది నాలుగో పాదం: ‘మాట లేని చోట మాట వినెను’. మాట, లేని, చోట, మాట, వినెను: అయిదు సూర్యగణాలు, నాలుగో గణం మొదట యతి. గ్రంథాలయంలో నిశ్శబ్దంగా పుస్తకం మాట్లాడింది అని పూరిస్తారనుకున్నాం. సగం మంది అలాగే పూరించారు. ఒక రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్ గారు దాన్ని మొగుడూ పెళ్ళాల అలకలోకి లాక్కెళ్ళి హాలును నవ్వించారు. ఛందస్సు రాని వాళ్ళకు కూడా అక్కడే గణాలు చప్పట్లతో లెక్కపెట్టి చూపించాం, రెండు నిమిషాల్లో పిల్లలు పట్టేశారు.

7. హాలు సర్దడం, పచ్చడి

వేదిక మీద ఏడు కుర్చీలు వేసి ఏడుగురు పెద్దల్ని కూర్చోబెట్టే పద్ధతి మానేయండి. ఒక్క మైకు స్టాండు, పక్కన చెంబు. అధ్యక్షులవారు మొదటి వరుసలో కూర్చుని వింటారు. శాలువాలు, మెమెంటోలు, బొకేలు వద్దు. ఇంట్లో మడత విప్పని శాలువాలు ఎన్ని ఉన్నాయో ఏ కవిగారింట్లోనైనా అడగండి.

కుర్చీలు టెంట్ హౌస్ నుంచి శనివారం రాత్రికే దించుకోండి. తలుపు శ్రోతలకు ఎదురుగా, మైకు పక్కన ఉండేలా వేస్తే, మధ్యలో లేచి వెళ్ళేవారు అందరి ముందు నుంచి వెళ్ళాలి. అదొక్కటే మా హాజరును నిలబెట్టింది. కానీ పెద్దవాళ్ళకూ చంటిపిల్లల తల్లులకూ తలుపు పక్కనే నాలుగు కుర్చీలు వదలండి. స్పీకరు ఒకటి, మైకులు రెండు, ఒకదాని బ్యాటరీ పోతుంది కాబట్టి. మంచినీళ్ళు ఇరవై లీటర్ల క్యాన్లు మూడు.

పచ్చడి వరండాలోనే. లోపలికి తేకండి. బెల్లం చుక్క పడితే చీమలు వస్తాయి, చీమల వెనకే మిగతా పురుగులు పుస్తకాల్లోకి. అరవై మందికి చిన్న కాగితపు గ్లాసుల్లో తలా రెండు మూడు గుక్కలంటే మూడు లీటర్లు కావాలి. మా ఇంటి లెక్క: కొత్త చింతపండు పావుకిలో, బెల్లం ముప్పావుకిలో, మామిడికాయలు మూడు, ఉప్పు, రెండు పచ్చిమిరపకాయలు సన్నగా తరిగి, వేపపువ్వు రెండు గుప్పిళ్ళు. పువ్వును కాడల నుంచి దులిపి, చేటలో వేసి ఊది, వడ్డించే ముందు మాత్రమే కలపాలి. పొద్దున్నే కలిపేస్తే పదకొండింటికి ఉత్త చేదు. పండుగ దాటాక పచ్చడేమిటని ఒకరిద్దరు అంటారు. గ్లాసు చేతికిస్తే తాగుతారు.

8. ఆ రెండు గంటలు

మొదట గ్రంథపాలకులు అయిదు నిమిషాలు మాట్లాడాలి, అది వాళ్ళ ఇల్లు. ఆ వెంటనే పాఠకుల వంతు: కవులు కాని నలుగురు, తమకిష్టమైన పద్యమో కవితో చూసి చదువుతారు. మా దగ్గర ఒక ఆటో నడిపే ఆయన వేమన పద్యాలు అయిదు చూడకుండా చెప్పారు. ఈ భాగాన్ని చివరికి నెట్టకండి, చివరికి నెట్టినది ఎప్పుడూ జరగదు.

సమయం చూడటానికి పదేళ్ళ పిల్లను కూర్చోబెట్టండి, చేతికి పూజ గంట ఇవ్వండి. మూడున్నర నిమిషాలకు ఒకసారి, నాలుగుకి రెండుసార్లు. నేను గంట కొడితే ‘ఒక్క నిమిషం’ అనే పెద్దమనుషులు, ఆ పిల్ల కొడితే నవ్వి కాగితం మడిచేస్తారు.

కవులందరూ చదివాక సమస్యాపూరణం, వందన సమర్పణ. వందన సమర్పణలో టెంట్ హౌస్ అన్నయ్య పేరూ, కింద గదిలో చదువుకుంటున్న పిల్లల ఓపికా మర్చిపోవద్దు. ఆఖర్న పుస్తకాల బల్ల దగ్గరికి రమ్మని చెప్పి మైకు ఆపేయండి. మైకు ఆగితేనే జనం కదులుతారు.

9. తర్వాత

చదివిన కవితలు సంకలనంగా వేయాలని ఎవరో ఒకరు తప్పక అంటారు. అచ్చు కంటే గోడ పత్రిక మేలు: మంచి చేతివ్రాత ఉన్నవాళ్ళతో తెల్ల చార్టు మీద రాయించి వరండాలో పెట్టండి, నెలకోసారి మార్చండి. దానికిందే కొత్తగా వచ్చిన పుస్తకాల పేర్లు, వచ్చే కార్యక్రమం తేదీ. అచ్చే వేస్తామంటే కవులందరి దగ్గరా రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. పాత కవుల విషయంలో కాపీరైటు కవి చనిపోయాక 60 ఏళ్ళ దాకా ఉంటుంది. 1915లో పోయిన గురజాడవి ఎవరైనా వేసుకోవచ్చు. 1987లో పోయిన దాశరథివి 2047 చివరిదాకా వారసుల్ని అడక్కుండా వేయకూడదు.

పుస్తకాలు తీసుకెళ్ళినవాళ్ళను మళ్ళీ పిలవడానికి ఏప్రిల్ 23, ప్రపంచ పుస్తక దినోత్సవం సరిగ్గా సరిపోతుంది. తెచ్చిన పుస్తకంలోంచి ఒక పేజీ చదివి వెళ్ళమనండి, సభ కూడా అక్కర్లేదు, గుండ్రంగా కూర్చుంటే చాలు. 2027లో ఆ రోజు శుక్రవారం. మీ గ్రంథాలయానికి అదే వారపు సెలవైతే, ముందు ఆదివారం 18న పెట్టుకోండి.

పోయినసారి మా లెక్కలో వినడానికే వచ్చినవాళ్ళు ముప్ఫై నలుగురు, వెళ్ళిన పుస్తకాలు ఇరవై రెండు. అందులో మూడు ఇంకా తిరిగి రాలేదు. వాటి కోసం ఫోన్లు చేయడం కూడా మీ పనే, మేడమ్‌ది కాదు.

కుర్చీలు రెండు గంటలకల్లా టెంట్ హౌస్‌కు పంపేయండి, దాటితే రెండో పూట అద్దె వేస్తాడు. హాలు ఊడ్చేటప్పుడు కిటికీ గట్లు చూడండి. ఏటా అక్కడ ఒక కళ్ళజోడు, ఒక గొడుగు, ఎవరి చేతిరాతో తెలియని ఒక కవిత మిగులుతాయి. కళ్ళజోడూ గొడుగూ కౌంటర్లో ఇవ్వండి. కవితను గోడ పత్రికకు గుండుసూదితో గుచ్చండి, రాసినవారు చూసుకుని వస్తారు.